మధుమేహము గల బిడ్డల కోపతాపములు



బడిపంతులుగా నేనొనర్చిన తప్పు నొకదానిని ముందుగా చెప్పుకొని, పిదప విషయమునకు వచ్చెదను. ఐదవ తరగతిలో సాధువైన బాలుడొకడుండెను. వానికి మధుమేహము కలదని తండ్రి నాతో చెప్పియే యుండెను. ఒకనాడు మధ్యాహ్నభోజనమునకు ముందు లెక్క చేయుమనగా, వాడు పుస్తకము విసరివైచి నన్ను కసరెను. అవినయమని తలచి బల్లపై నిలువబెట్టితిని. కొంతసేపటికి వాని చేతులు వణకెను. నుదుట చెమట పోసెను. తోడి బాలుడొకడు పరుగున వచ్చి, వాని సంచిలోని చక్కెరపొట్లము విప్పి నోట వేసెను. పావుగంటలో వాడు మరల మునుపటి సాధువయ్యెను. ఆ పసివానికి తోచినది నాకు తోచకపోయెను గదా యని నేటికిని సిగ్గుపడుచుందును.

పెద్దలకు తఱచుగా వచ్చు మధుమేహము వేఱు. బిడ్డలకు సాధారణముగా వచ్చునది వేఱు. మనము తిన్న అన్నము చక్కెరగా మాఱి నెత్తుట కలియును. అది దేహకణములలో ప్రవేశించుటకు ఇన్సులిను అను రసము తాళపుచెవి వంటిది. దానిని పుట్టించునది క్లోమము. ఈ బిడ్డలలో దేహరక్షణశక్తియే దారితప్పి, ఆ రసమును పుట్టించు కణములను నశింపజేయును. ఇది తీపి తినుటచే వచ్చినది గాదు. తల్లిదండ్రుల దోషమును గాదు. 1922 జనవరిలో కెనడా దేశపు టొరాంటో నగరమున పదునాలుగేండ్ల బాలునికి తొలిసారిగా ఇన్సులిను సూదిమందు వేసిరి. అంతకుముందు ఇట్టి బిడ్డలు కొలది కాలమునకే మరణించుచుండిరి.

మన దేహము ఆ రసమును క్షణక్షణము తానే కొలిచి పోయును. ఈ బిడ్డలకు ఆ కొలత మనుష్యులు చూడవలెను. మందు వేసిన పిదప భోజన మాలస్యమైనను, ఆట లధికమైనను చక్కెర తగ్గును. మందు చాలకున్నను, జ్వరము తగిలినను పెరుగును.

మెదడునకు చక్కెరయే ముఖ్యాహారము. అది డెసిలీటరు నెత్తుటికి 70 మిల్లీగ్రాములకన్న తగ్గినచో, దేహము అడ్రినలిను అను రసమును విడుచును. భయక్రోధములు కలిగినపుడు మనయందు స్రవించునదియు నదియే. కావుననే వణకు, చెమట, ఆకలి, చిరాకు, కారణములేని ఏడుపు పుట్టును. అది బిడ్డ పొగరు గాదు.

అట్టియెడ దండింపక, వ్రేలికొన నెత్తుటిబొట్టును గ్లూకోమీటరుతో చూడుడు. యంత్రము లేకున్నచో, తగ్గినదనియే యెంచి మూడు చిన్న చెంచాల చక్కెరను, అనగా సుమారు 15 గ్రాములు, నీట కలిపి త్రాగింపుడు. మిక్కిలి చిన్నవారికి అంతకన్న తక్కువ చాలును. పావుగంటకు మరల చూడుడు. స్పృహ తప్పినచో నోట నేమియు పోయరాదు. ప్రక్కకు పరుండబెట్టి వెంటనే వైద్యశాలకు చేర్పవలెను.

చక్కెర పెరిగినను మనస్సు చెడును. దాహము, మాటిమాటికి మూత్రము, నీరసము, ముభావము, విసుగు కనబడును. దానితో వాంతులు, కడుపునొప్పి, బరువైన ఊపిరి కలిగినచో ప్రాణాపాయము. తడయక వైద్యుని చేరవలెను. ఆకుపసరులను నమ్మి సూదిమందు మానిపింపుడని యెవరేని చెప్పినచో, ఆ మాటను ఊరిలో నిలువనీయకుడు. అది మానిన బిడ్డ బ్రతుకదు.

కడపట నొక మాట. బిడ్డ కోపమంతయు చక్కెరవలననే యనుకొనుటయు తప్పే. దినమునకు పలుమారులు సూదిపోటు సహించు పసివానికి నిజమైన దుఃఖములు నుండును. అలిగినపుడెల్ల ‘చక్కెర చూచుకొంటివా?’ యని మాత్రమే యడిగినచో, తన మాట వినువారు లేరని వాడు క్రుంగును. కావున ముందు నెత్తురు చూడుడు. కొలత సరిగా నున్నచో, ప్రక్కన కూర్చుండి వాని మాట వినుడు. నేనానాడు ఈ రెంటిలో నొకటియు చేయనైతిని. మీరు రెండును చేయుదురుగాక.