క్రైస్తవ మతశాస్త్రమున దైవగుణ విచారము

దేవుఁడు దయాళువు, న్యాయవంతుఁడు, సర్వజ్ఞుఁడు, సర్వశక్తిమంతుఁడు అని క్రైస్తవులు తమ ప్రార్థనలయందును బోధలయందును నిత్యము చెప్పుచుందురు. ఈ మాటలు విన్న వ్యాకరణజ్ఞునకు మొదటఁ దోఁచు ప్రశ్న యొకటి కలదు. ‘న్యాయవంతుఁడు’ అను పదమున నున్నది మతుప్ప్రత్యయము. అది ‘ఇది వీనికిఁ గలదు’ అను నర్థమున విధింపఁబడినది. ధనవంతుఁడనఁగా ధనము వేఱు, అది గలవాఁడు వేఱు. ధనము పోయినను వాఁడుండును. అట్లే దేవునకు న్యాయము కలదనునపుడు న్యాయము వేఱు, దేవుఁడు వేఱు అగునా? అగునేని న్యాయము లేకయు దేవుఁడుండవచ్చునా? దయయు న్యాయమును రెండు వేర్వేఱు వస్తువులైనచో నవి పరస్పరము విరోధించునపుడు దేవుఁడే పక్షమున నిలుచును?

ఇది కేవల శబ్దవిచారము గాదు. పాపి యొకఁడు దేవుని యెదుట నిలిచి క్షమింపుమని వేఁడునపుడు, వాని మొఱ యాలకించునది దేవునిలోని యొక భాగమా, లేక దేవుఁడేనా యను సంగతి దీనిపై నాధారపడియున్నది.

ఈ చిక్కు క్రైస్తవుల శాస్త్రగ్రంథముననే కలదు. నిర్గమకాండము ముప్పదినాలుగవ యధ్యాయమున, సీనాయి పర్వతముమీఁద దేవుఁడు మోషేకుఁ దన నామమును ప్రకటించు ఘట్టమున, దేవుఁడు కనికరము గలవాఁడనియు, పాపములను క్షమించువాఁడనియుఁ జెప్పి, యా వెంటనే దోషిని శిక్షింపక విడువఁడనియుఁ జెప్పఁబడినది. ఇట్లు క్షమయు శిక్షయు నొక్క నామముననే చేర్పఁబడినవి. యోహాను మొదటి పత్రిక నాలుగవ యధ్యాయమున వేఱొక రీతి కానవచ్చును. అచ్చటి గ్రీకుమూలమున నున్నది విశేషణము గాదు, భావవాచకము. దేవునకుఁ బ్రేమ గలదని కాక, దేవుఁడు ప్రేమయే యని దాని యర్థము. తెలుఁగు బైబిలునందు దీనికి ‘ప్రేమాస్వరూపి’ యను పదము వాడఁబడినది. సమాసమున ‘ప్రేమస్వరూప’ యని హ్రస్వమే సాధువు. బహువ్రీహిచేతనే యర్థము సిద్ధింపఁగా మరల మత్వర్థీయమగు ‘ఇన్’ ప్రత్యయము చేర్చుట యనవసరము. రూపమున నీ దోషములున్నను, భావము మాత్రము చక్కఁగాఁ బట్టువడినది. ప్రేమ దేవుని యందుండు గుణము గాదు, దేవుని స్వరూపమే యని యా యనువాదకులు సూచించిరి.

ఈ భావమును శాస్త్రరీతిని స్థాపించినవారిలోఁ బ్రధానుఁడు ఉత్తరాఫ్రికా దేశీయుఁడగు ఆగస్టీను (354–430). దేవుని కేది కలదో యదియే దేవుఁడు అని యాతని సిద్ధాంతము. మనుష్యుఁడు జ్ఞానము పొందును, పోఁగొట్టుకొనును, కావున వాని జ్ఞానము వానికంటె వేఱు. దేవుఁడట్లు గాఁడు. అతఁడు జ్ఞానమును పొందినవాఁడు గాఁడు, తానే జ్ఞానము. పదుమూఁడవ శతాబ్దిలో ఇటలీ దేశీయుఁడగు థామస్ అక్వినాస్ (1225–1274) తన ‘సుమ్మా థియొలోజియా’ యను మహాగ్రంథము ప్రథమభాగమున మూఁడవ ప్రశ్నలో దీనినే సోపపత్తికముగా నిరూపించెను. అవయవములతోఁ గూడినదంతయు నా యవయవములపై నాధారపడును, వానిని గూర్చు కారణము నపేక్షించును. సర్వమునకు నాదికారణమగు దేవునకు వేఱొక కారణ ముండరాదు. కావున దేవునియందు ద్రవ్యగుణ విభాగము లేదు. ఈ సిద్ధాంతమునకు దైవాఖండత్వమని పేరిడవచ్చును.

ఇచ్చట మన శాస్త్రములతోఁ బరిచయము గలవారు పొరపడుట కవకాశము గలదు. నైయాయికుల మతమున నీశ్వరుఁడు ద్రవ్యము, జ్ఞానేచ్ఛాకృతులు మొదలుగా నతనికి ఎనిమిది గుణములు గలవు, అవి సమవాయ సంబంధమున నతనియం దుండును. తెలుఁగున ‘దేవుని గుణములు’ అని వ్రాసినంతనే యా సంస్కారము గలవానికి సమవాయమే స్ఫురించును. అక్వినాస్ నిరాకరించిన దట్టి సంబంధమునే. ఆతని మతమునకు దగ్గఱి దృష్టాంతము వైయాకరణుల వ్యవహారముననే యున్నది. ‘రాహువు యొక్క శిరస్సు’ అందుము. రాహువు శిరోమాత్రుఁడు, శిరస్సు గాక వేఱు రాహువు లేఁడు. అయినను షష్ఠి ప్రయోగింపఁబడుచున్నది. అచ్చట భేదము మాటలోనిదేకాని వస్తువులోనిది గాదు. ‘దేవుని న్యాయము’ అనుచోటను షష్ఠి యిట్టిదే. ఒక్కటి మాత్రము మఱవరాదు. రాహువు ఖండింపఁబడి శిరోమాత్రుఁడయ్యెను, దేవుఁడో యే లోపమునులేని పూర్ణత్వముచేత నఖండుఁడు.

అఖండమైన వస్తువును మతుప్ప్రత్యయములతో నేల చెప్పవలెను? దీనికి సమాధానము సుమ్మా పదుమూఁడవ ప్రశ్నలో నున్నది. అది దేవుని నామములనుగూర్చిన విచారము, వ్యాకరణజ్ఞులు తప్పక చదువఁదగినది. పదమున రెండంశములు గలవని యక్వినాస్ చెప్పెను. చెప్పఁబడు నర్థ మొకటి, చెప్పు రీతి యొకటి. న్యాయము, మంచితనము మొదలగు పదముల యర్థము దేవునకే ముఖ్యముగాఁ జెల్లును. వాని రీతి మాత్రము మనుష్యలోకమునుండి వచ్చినది. ‘న్యాయవంతుఁడు’ అన్నచో నతఁడు స్వతంత్రముగా నున్నాఁడని తెలియును గాని యఖండత్వము తెలియదు. ‘న్యాయము’ అన్నచో నఖండత్వము తెలియును గాని స్వతంత్రముగా నున్న వ్యక్తియని తెలియదు. కావున రెండు విధముల పదములును వాడవలసినదే. ఏ యొక్కటియుఁ జాలదు.

మనుష్యుని మంచితనమును, దేవుని మంచితనమును నొక్క యర్థముననే చెప్పినచో దేవుఁడు పెద్ద మనుష్యుఁడగును. పూర్తిగా భిన్నార్థములైనచో మన మాటలకు దేవుని విషయమున నర్థమే లేకపోవును. యూదమతాచార్యుఁడగు మైమొనిడీస్ (1138–1204) దేవుని స్వరూపమును నిషేధముఖముననే చెప్పవలెననెను. మంచివాఁడనఁగాఁ జెడ్డవాఁడు కాఁడనుట మాత్రమే యని యాశయము. అక్వినాస్ దీని నంగీకరింపలేదు. మంచితనమునకుఁ గారణమగుటచేతనే దేవుఁడు మంచివాఁడనుటయుఁ జాలదు. అట్లయినచో శరీరములకును గారణమగుటచే దేవుఁడు శరీరమనియుఁ జెప్పవలసివచ్చును. కావున నాతఁడు మధ్యమార్గ మవలంబించెను. లాటినునందు మనుష్యుని ఆరోగ్యమును, దానిని గలిగించు మందును నొకే పదముతోఁ జెప్పుదురు. అర్థ మొకటి గాదు, సంబంధము లేనిదియుఁ గాదు. ఇట్టి సాదృశ్యముననే మన పదములు దేవునిఁ జేరును. 1215వ సంవత్సరమున రోమునగరమున జరిగిన నాలుగవ లాటెరన్ మహాసభయు, సృష్టికర్తకును సృష్టికిని సాదృశ్య మెంత చెప్పినను నంతకంటె నెక్కువ వైసాదృశ్యము చెప్పవలసియుండునని నిర్ణయించియుండెను.

ఇఁక నొక యాక్షేపము. దయయు న్యాయమును నొక్క దేవుఁడేయైనచో నవి పర్యాయపదములు కావలెను గదా? కావు. వాచ్యవస్తు వొక్కటియైనను ప్రవృత్తినిమిత్తములు భిన్నములు. మన బుద్ధి యఖండ పూర్ణత్వము నొక్కసారి గ్రహింపఁజాలక పెక్కు భావములతో గ్రహించును, ఆ భావములకుఁ దగిన పదములు పెక్కగును. మూఁడవ శతాబ్దివాఁడగు ఒరిజెన్ చెప్పిన దృష్టాంతము దీనికి నుపకరించును. సూర్యుని వేఁడి యొక్కటియే మైనమును గరఁగించును, బురదను గట్టిపఱచును. భేదము మైనమునందును బురదయందును గాని సూర్యునియందు లేదు.

మొదటి ప్రశ్న కిప్పు డుత్తరము చెప్పవచ్చును. ఇంగ్లండున కాంటర్బరీ ప్రధానాచార్యుఁడైన ఆన్సెల్ము (1033–1109) ‘ప్రొస్లోగియాన్’ అను గ్రంథమున, న్యాయస్వరూపుఁడగు దేవుఁడు దుష్టుల నెట్లు మన్నించునని మథనపడి, శిక్షించునపుడు వారి కర్మమునకుఁ దగినట్లును, మన్నించునపుడు తన మంచితనమునకుఁ దగినట్లును న్యాయవంతుఁడే యగునని తేల్చెను. అక్వినాస్ దీనిని లౌకికోదాహరణమున స్పష్టపఱచెను. నూఱు నాణెములు ఋణపడినవాఁడు తన సొమ్మునుండి యిన్నూఱిచ్చినచో న్యాయమున కపచారము చేసినవాఁడు గాఁడు, ఔదార్యము చూపినవాఁడు. క్షమయు నట్టి దానమే. అది న్యాయమును మీఱుట గాదు, నిండించుట. కావున దేవుని దయ న్యాయముతోఁ బోరాడి గెలుచునని చెప్పు ఉపన్యాసకుని మాట యాకర్షకముగా నుండవచ్చును గాని, యీ సిద్ధాంతము ప్రకారము దేవుని రెండు చేయుచున్నది.

ఈ మతమున కెల్లరు సమ్మతింపలేదు. ప్రాచ్యసంఘమున గ్రెగొరీ పాలమాసు (1296–1359) దేవుని స్వరూపము వేఱు, ఆతని యనాదిశక్తులు వేఱు అనెను. స్వరూప మగోచరము, శక్తుల ద్వారముననే మనుష్యుఁడు దేవునియందుఁ బాలుపొందును, ఆ శక్తులును దేవుఁడే. కాన్స్టాంటినోపులున 1351లోఁ గూడిన సభ యా పక్షమునే స్థిరపఱచెను. అమెరికా దేశీయ తార్కికుఁడు ఆల్విన్ ప్లాంటింగా 1980లోఁ బ్రకటించిన గ్రంథమున వేఱొక దోషము చూపెను. దేవుఁడు తన ధర్మమే యైనచో నతఁడు ధర్మమాత్రమగును, ధర్మము సృష్టింపదు, ప్రేమింపదు, మొఱ యాలకింపదు. దీనికిఁ గొందఱు చెప్పు పరిహార మిది. ‘దేవుఁడు న్యాయవంతుఁడు’ అను వాక్యము దేనివలన సత్యమగుచున్నదో యది దేవుఁడే, వేఱొక ధర్మము గాదు, ఇంతియే యభిప్రాయము. మాటలోని ధర్మమును వస్తువునం దారోపించి యా పిమ్మట దోషము చూపుట తగదని దీని సారము.

మన దేశమున నీ విచారమును మన పదములతోఁ జేసినవాఁడు వంగదేశీయుఁడగు బ్రహ్మబాంధవ ఉపాధ్యాయుఁడు (1861–1907). బ్రాహ్మణకులమునఁ బుట్టి క్రైస్తవమతము స్వీకరించి, ‘సోఫియా’ యను పత్రికను నడపెను. నిర్గుణ మనఁగా శూన్యము గాదనియు, బాహ్యవస్తువులతో దేవునకు నియతమగు సంబంధము లేకుండుటయే నిర్గుణత్వమనియు నాతఁడు వాదించెను. ఆతని సమన్వయ మెంతవఱకుఁ దగునన్నది వేఱొక విచారము. గుణశబ్దమును బరీక్షింపక వాడరాదని యాతఁ డెఱిఁగియుండెనన్నది మాత్రము నిర్వివాదము.

తెలుఁగున నీ శాస్త్రమును వ్రాయువారు ‘గుణము’ను విడువనక్కఱలేదు, అది లోకమున రూఢమైనది. అయినను దాని నుపచారముగా వాడుచున్నామని యొక్కమాఱైనఁ జెప్పి, సిద్ధాంతము చెప్పుచోట ‘స్వరూప’శబ్దము నాశ్రయించుట మేలు. అట్లు చేసినచోఁ జదువరి ‘దేవుని దయ’ యన్నచోట దేవుని కడనుండి వచ్చు వస్తువు నొకదానిని వెదకఁడు. దయ కొఱకు వేఁడువాఁడు దేవునినే వేఁడుచున్నాఁడని గ్రహించును.