ఆగిన కౌంట్‌డౌన్‌కూ చప్పట్లు కొడదాం

చంద్రుడి మీదికి భారతీయుణ్ని పంపే రాకెట్ మన తీరం నుంచే లేవబోతోంది. దాన్ని చూడబోయే మనం ముందుగా నేర్చుకోవాల్సింది ఓపిక.

రాకెట్ వదిలే రోజున నెల్లూరు జిల్లా బిట్రగుంటలో కళ్లన్నీ దక్షిణం వైపే. శ్రీహరికోట ఇక్కడికి, గీత గీసి కొలిస్తే, వంద కిలోమీటర్ల పైచిలుకు. మబ్బు లేకపోతే మిద్దె మీంచే కనిపిస్తుంది. ముందు చెట్ల కొసల పైన ఒక నిప్పు కణిక లేస్తుంది. దాని వెనకే తెల్లటి పొగ సాగి సముద్రం వైపు వంగుతుంది. రెండు మూడు నిమిషాల్లో కణిక మాయమవుతుంది, పొగ గాలికి వంకర్లు పోయి చెదిరిపోతుంది. 2022లో జిల్లాల విభజనతో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిసినా నెల్లూరు తీరానికి అక్కడి ప్రయోగ కేంద్రం ఇప్పటికీ ‘మన షార్’.

రాకెట్ లేవని రోజున కూడా ఇక్కడ మాటలు లేస్తాయి. ‘ఏమైందబ్బా?’ ‘పోలేదంట.’ ఆ దిగులు సాయంత్రానికి విసుగవుతుంది. ఇన్ని కోట్లు పోసింది ఇందుకేనా అని టీ కొట్ల దగ్గర మొదలైన ప్రశ్న టీవీ చర్చల్లో తీర్పుగా మారుతుంది. ఉపగ్రహాలు మోసే రాకెట్ల విషయంలో ఈ విసుగు వల్ల పెద్ద నష్టం లేదు. మనుషులు ఎక్కే రాకెట్ల విషయంలో ఉంది. 2040 నాటికి చంద్రుడి మీద భారతీయుడు దిగాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. అంతకంటే ముందు మనవాళ్లను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ ఉంది. అందుకే ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోవాలి.

చివరి క్షణంలో ఆగినవి

2019 జులై 15 తెల్లవారుజామున 2.51 గంటలకు చంద్రయాన్-2 లేవాలి. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా షార్‌కు వచ్చారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. రాష్ట్రపతి ఎదురుగా ఉండగా, దేశమంతా నిద్ర మానుకుని చూస్తుండగా ఆపడానికి చాలా గుండె నిబ్బరం కావాలి. లోపాన్ని సరిదిద్ది వారానికే, జులై 22 మధ్యాహ్నం 2.43కి అదే రాకెట్‌ను పంపారు.

అంతకు ముందూ ఇలాంటివి ఉన్నాయి. 2001 మార్చి 28న తొలి జీఎస్‌ఎల్‌వీకి ఇంజన్లు అంటుకున్నాక, ఒకదానికి చాలినంత తోపుడు శక్తి రాలేదని గుర్తించి కంప్యూటరే ఆపేసింది. మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 18న అది ఎగిరింది. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5లో ఇంధనం లీకవుతోందని గంటా పావు ముందు ఆపారు. 2014 జనవరి 5న అది సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో కక్ష్య చేరి చరిత్ర సృష్టించింది.

మనుషుల ప్రయాణానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది 2023 అక్టోబరు 21 నాటి ప్రయోగం. రాకెట్‌కు ఆపద వస్తే వ్యోమగాములున్న గదిని విడదీసి దూరంగా లాక్కెళ్లే ఏర్పాటును ఆ రోజు పరీక్షించారు. పేరు టీవీ-డీ1. ఉదయం 8కి అనుకున్నది వాతావరణం బాగాలేక 8.45కి మారింది. అప్పుడు లెక్క అయిదు సెకన్ల దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఇంజన్ మామూలు పద్ధతిలో అంటుకోలేదని, వాహనం భద్రంగా ఉందని, దగ్గరికెళ్లి చూసి చెబుతామని అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ వెంటనే ప్రకటించారు. లోపాన్ని పట్టుకుని, సరిచేసి, 10 గంటలకు వదిలారు. దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆ గది పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది, నౌకాదళం తీసుకొచ్చింది. ఆ పొద్దున ఆగడం, లేవడం రెండూ విజయాలే.

జనం తొందర కంట్రోల్ రూమ్ దాకా వెళుతుంది

జనం ఏమనుకుంటే శాస్త్రవేత్తలకేం అనిపించవచ్చు. అమెరికా అనుభవం అలా చెప్పడం లేదు. 1986 జనవరిలో ఛాలెంజర్ నౌక ప్రయాణం పదే పదే వాయిదా పడింది. టీవీ వార్తల్లో ఎగతాళి చేశారు. జనవరి 27 రాత్రి బూస్టర్ తయారు చేసిన సంస్థ ఇంజనీర్లు, ఈ చలికి రబ్బరు రింగులు పట్టు నిలపవని, ప్రయోగం వద్దని వాదించారు. వాళ్ల మాట చెల్లలేదు. మర్నాడు 73 సెకన్లకు నౌక ముక్కలైంది. ఒక బడి పంతులమ్మతో సహా ఏడుగురు చనిపోయారు.

ఆ తర్వాతి తరాలు ఆ పాఠాన్ని మోస్తూనే ఉన్నాయి. మనుషులు లేని ఆర్టెమిస్-1 కూడా 2022 ఆగస్టు 29న, సెప్టెంబరు 3న ఆగి, నవంబరు 16న గానీ చంద్రుడి దారి పట్టలేదు. మన శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన ఆక్సియం-4దీ అదే కథ. రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకవుతోందని తేలితే, పూర్తిగా సరిచేయాల్సిందేనని అక్కడున్న ఇస్రో బృందం పట్టుబట్టింది. 2025 జూన్ 25న బయల్దేరిన ఆయన క్షేమంగా తిరిగొచ్చారు. అప్పట్లో ఎన్నిసార్లు వాయిదా పడిందో ఇవాళ ఎవరూ అడగడం లేదు.

రైలు ఊరికి తెలిసిన సూత్రం

ఈ విషయం బిట్రగుంటకు విడమరిచి చెప్పక్కర్లేదు. విజయవాడ-చెన్నై లైనులో ఆవిరి ఇంజన్ల లోకో షెడ్డు ఈ ఊరిని పెంచింది. పాతకాలపు సిగ్నల్‌ స్తంభానికి ఒక చెయ్యి ఉండేది. దాన్ని తీగతో లాగి దించితేనే బండికి దారి ఇచ్చినట్టు. తీగ తెగితే? ఎదురు బరువు వల్ల ఆ చెయ్యి దానంతటదే అడ్డంగా లేచి బండిని ఆపేది. యంత్రం చెడితే బండి ఆగిపోవాలే తప్ప ముందుకు పోకూడదన్నది రైల్వే సూత్రం. బండి ఆలస్యమైందని ప్రయాణికులు తిట్టుకున్నా, ఎర్ర సిగ్నల్ దాటలేదని డ్రైవర్‌ను ఎవరూ తప్పుపట్టరు. అయిదు సెకన్ల దగ్గర రాకెట్‌ను ఆపిన కంప్యూటర్ పాటించింది అచ్చంగా ఆ సూత్రమే.

జనానికీ బాకీ ఉంది

ఓపిక పట్టమని జనాన్ని అడిగే హక్కు ఇస్రోకు రావాలంటే, కారణం చెప్పే బాధ్యతను కూడా ఒప్పుకోవాలి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో కూలినప్పుడు విలేకరుల ముందుకొచ్చి బాధ్యత తీసుకున్నది అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. ఏడాదిలోపే, 1980 జులై 18న గెలిచాక మాత్రం ముందు నిలబెట్టింది ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలామ్‌ను. షార్‌కు ధావన్ పేరు పెట్టుకున్నాం, ఆ నిజాయితీనీ నిలుపుకోవాలి. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమైంది. విచారణ నివేదిక జనం ముందుకు రాకుండానే 2026 జనవరి 12న సీ62 ఎగిరింది. అదీ మూడో దశలోనే దెబ్బతింది. మనుషులు ఎక్కే రోజులు దగ్గరపడుతుండగా ఈ మౌనం మంచిది కాదు.

సముద్రం మీద బతికేవాళ్ల సంగతీ ఉంది. ప్రయోగం రోజున పులికాట్ దగ్గరి సముద్రంలోకి వేటకు వెళ్లొద్దంటారు. వాయిదా పడితే ఒక రోజు కూలి పోయినట్టే, కొత్త తేదీన మళ్లీ పోతుంది. దేశం కోసం వాళ్లు పడే ఈ నష్టానికి లెక్క కట్టి పరిహారం ఇవ్వాలి. అప్పుడు ఆగిన కౌంట్‌డౌన్ వాళ్లకూ బరువనిపించదు.

జనానికి ఓపిక లేదనడం కూడా సరికాదు. 2019 సెప్టెంబరు 7న చంద్రుడికి 2.1 కిలోమీటర్ల దూరంలో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ మూగబోయినప్పుడు, శాస్త్రవేత్తలకు ధైర్యం చెప్పింది ఈ జనమే. నాలుగేళ్లు ఆగి 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కి చంద్రయాన్-3 విక్రమ్ దిగుతుంటే, ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు. నిజం చెబితే ఈ జనం తట్టుకుంటారు.

2018 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి ప్రకటించిన ప్రకారం 2022కే మనవాళ్లు అంతరిక్షంలోకి వెళ్లాలి. ఆ గడువు దాటి చాలా కాలమైంది. ఈ మధ్యలో, 2025 ఆగస్టు 24న చినూక్ హెలికాప్టర్ నుంచి దాదాపు 5 టన్నుల నమూనాను జారవిడిచి పారాచూట్లను పరీక్షించారు. ఇంకా కొన్ని పరీక్షలున్నాయి, మనుషుల్లేని ప్రయాణాలున్నాయి. వాటిలో ఏదైనా ఆగితే, ఎందుకు ఆగిందని గట్టిగా అడుగుదాం. ఎందుకు పంపలేదని మాత్రం ఎవరినీ నిలదీయొద్దు. పండగలు, వార్షికోత్సవాలు చూసి తేదీలు పెట్టొద్దని పాలకులకూ చెబుదాం. మన తీరం నుంచి పైకెళ్లే ప్రతి మనిషీ మళ్లీ ఇంటికి రావాలి, ఆ రాక ఎన్ని రోజులు ఆలస్యమైనా సరే.