పుట మారకుండా పాఠం మారినప్పుడు: పాక్షిక నవీకరణ – పరిశోధన ఆధారాలు

1. ప్రవేశిక

అంతర్జాల నిఘంటువులో ఒక పదాన్ని వెతికి, బ్రౌజర్‌లో కనిపించే చిరునామాను పాదసూచికలో చేర్చడం నేటి పరిశోధకులకు అలవాటైన పని. అయితే ఆ చిరునామాను తరువాత తెరిచినవారికి కొన్నిసార్లు అర్థవివరణ కనిపించదు. ఖాళీ వెతుకుపెట్టె మాత్రమే ఎదురవుతుంది. లంకె చెడిపోలేదు, సమాచారమూ తొలగిపోలేదు. పుటను మళ్ళీ తెరవకుండా అందులోని ఒక భాగాన్నే మార్చే పద్ధతి ఇందుకు కారణం. ఆ పద్ధతిని, ఆధారాల సూచనపై దాని ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పద్ధతి వికాసం

తొలినాటి వెబ్‌లో మీట నొక్కిన ప్రతిసారీ సర్వర్ కొత్త పుటను మొత్తంగా పంపేది. మారని శీర్షికలను, పట్టికలను కూడా బ్రౌజర్ తిరిగి అమర్చవలసి వచ్చేది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పాటు వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ అనే సాధనం ఈ స్థితిని మార్చింది. పుటలోని జావాస్క్రిప్ట్ తెరవెనుక సర్వర్‌ను అడిగి, వచ్చిన సమాధానాన్ని కావలసిన చోట మాత్రమే ఉంచగలిగింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ ఈ విధానానికి ప్రాచుర్యం తెచ్చాయి. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ దీనికి ‘అజాక్స్’ అని పేరు పెట్టారు.

3. ప్రయోజనం

యూటీఎఫ్-8 సంకేత పద్ధతిలో తెలుగు వర్ణానికి, గుణింతపు గుర్తుకు విడివిడిగా 3 బైట్లు అవసరం. ‘తెలుగు’ అనే మాటకు 18 బైట్లు పడతాయి. ఆంగ్లంలో ఆరక్షరాల మాటకు 6 చాలు. కాబట్టి పెద్ద తెలుగు పుటను పదేపదే పంపడం కంటే, అడిగిన పదం అర్థాన్ని మాత్రమే పంపడం వల్ల కాలం, డేటా రెండూ ఆదా అవుతాయి. పాఠకుడు చదువుతున్న చోటు కూడా చెదరదు.

4. సమస్య

పాక్షిక నవీకరణలో పాఠం మారినా చిరునామా దానంతట అది మారదు. పది పదాలు వెతికినా బ్రౌజర్ దృష్టిలో అది ఒకే పుట. అందువల్ల వెనుక మీట నొక్కితే ముందు చూసిన పదానికి బదులు అంతకు ముందరి పుట వస్తుంది. చిరునామాల ఆధారంగా పుటలను భద్రపరచే వ్యవస్థలకు కూడా ఇటువంటి పాఠం అందకపోవచ్చు. పరిశోధకుడు చూసినది, అతడు ఇచ్చిన ఆధారం వేరువేరు అవుతాయి.

5. పరిష్కారం

హెచ్‌టీఎంఎల్5తో వచ్చిన ‘పుష్‌స్టేట్’ అనే ఏర్పాటు పుటను మళ్ళీ తెరవకుండానే చిరునామాను మార్చగలదు. అయితే ఇది సగం పని మాత్రమే. ఆ చిరునామాను నేరుగా తెరిచినప్పుడు అదే పాఠం కనిపించేలా రూపకర్తలు ఏర్పాటు చేయాలి. పరిశోధకుడు కూడా చిరునామాను కొత్త కిటికీలో తెరిచి సరిచూసుకోవాలి. పాఠం రాకపోతే వెతికిన పదాన్ని, మూలగ్రంథం పేరును, చూసిన తేదీని సూచికలో చేర్చాలి.

6. ముగింపు

ముద్రిత నిఘంటువులో పుటసంఖ్య చేసే పనిని అంతర్జాలంలో చిరునామా చేయాలి. తెలుగు డిజిటల్ వనరుల నిర్మాణంలో వేగంతో పాటు ఈ నియమాన్నీ పాటించినప్పుడే వాటిలోని సమాచారం మరొకరు పరిశీలించదగిన ఆధారంగా నిలుస్తుంది.