చప్పట్లతో తీరని అలసట

2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి, కొవిడ్ వేళ పనిలో ఉన్నవాళ్లకు కృతజ్ఞతగా మనం బాల్కనీల్లో నిలబడి పళ్లాలు మోగించాం. నాలుగు రోజుల తర్వాత బ్రిటన్‌లో కూడా జనం రాత్రి ఎనిమిదింటికి గుమ్మాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, ప్రతి గురువారం. ఆ చప్పట్లలో వాటా ఉన్న కేర్ హోమ్ ఆయా జ్వరమొచ్చి ఇంట్లో ఆగిపోతే, యజమాని దయతలిచి ఎక్కువ ఇస్తే తప్ప, ఆ ఏడాది ఏప్రిల్ నుంచి చట్టప్రకారం చేతికొచ్చిన సిక్ పే వారానికి 95.85 పౌండ్లు. వయసు మళ్లినవాళ్లను కనిపెట్టుకుని ఉండే ఈ మనుషుల గురించి ఆ రోజుల్లో పొగడ్తలతో పాటు అపోహలూ బాగానే ప్రచారమయ్యాయి. పొగడ్తలు ఆగిపోయాయి, అపోహలు మాత్రం నిలిచి ఉన్నాయి.

అపోహ: చావులు చూసి చూసి వాళ్ల గుండె రాయైపోతుంది.

ఐసీయూకీ ఓల్డేజ్ హోమ్‌కీ తేడా తెలియక అనే మాట ఇది. ఐసీయూలో రోగి పేరు నర్సుకి ఆ రోజే తెలుస్తుంది. హోమ్‌లో పెద్దావిడ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆవిడ కాఫీలో చక్కెర ఎంత వెయ్యాలో, ఏ చెయ్యి పట్టుకుని లేపితే నొప్పి తక్కువో, మధ్యాహ్నం నిద్ర లేచి ఎవరి కోసం వెతుక్కుంటుందో ఆయాకి తెలుసు. మహమ్మారి మొదలవగానే చాలా దేశాల్లో కొడుకుల్నీ కూతుళ్లనీ గేటు బయటే ఆపేశారు. అలాంటిచోట చివరి చూపు కోసం ట్యాబ్ పట్టుకుని మంచం పక్కన నిలబడింది ఆ ఆయానే. అటువైపు ఏడుపు వినిపిస్తుంటే తన చెయ్యి వణక్కుండా చూసుకోవాలి. తర్వాత ఆమెను పరామర్శించేవాళ్లుండరు, పోయింది ఆమె చుట్టం కాదు కదా. దుప్పటి మార్చి పక్క గదికి వెళ్లాల్సిందే.

బతికున్నవాళ్ల దగ్గర పని ఇంకా కష్టం. చెవులు మందగించినవాళ్లు పెదాల కదలికను బట్టి మాట పోల్చుకుంటారు, మాస్కుతో ఆ దారి మూసుకుపోయింది. డిమెన్షియా ఉన్నవాళ్లకు నిన్నటిదాకా తెలిసిన ముఖం ఇవాళ ముసుగు మనిషి. గదిలోనే ఉండమంటే ఎందుకుండాలో గుర్తుండదు. కాసేపటికే తలుపు తీసుకుని వచ్చేస్తారు. వచ్చిన ప్రతిసారీ కొత్తగా నచ్చజెప్పాలి.

అపోహ: వాళ్ల ఒత్తిడంతా వైరస్ భయమే.

భయం లేదని కాదు. కానీ కెనడాలో జరిగింది చూడండి. మాంట్రియల్ పక్కన డోర్వాల్‌లో హెరాన్ అనే ప్రైవేటు హోమ్ ఉండేది. 2020 మార్చి చివర ఆరోగ్య శాఖ అధికారులు అక్కడికి వెళ్లేసరికి సిబ్బందిలో చాలామంది లేరు. డైపర్లు మార్చే దిక్కు లేదు, అన్నం పెట్టే దిక్కు లేదు. ఆ వసంతంలో క్విబెక్, ఒంటారియో రాష్ట్రాల హోమ్‌లలోకి సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. ఒంటారియోలో ఐదు హోమ్‌లకు వెళ్లిన సైనికులు రాసిన నివేదికలో బొద్దింకలున్నాయి, కుళ్లిన తిండి ఉంది, సాయం కోసం అరుస్తున్నా పట్టించుకునేవాళ్లు లేని వృద్ధులున్నారు. తొలి దశలో కెనడా కొవిడ్ మరణాల్లో 81 శాతం ఇలాంటి కేంద్రాల్లో ఉన్నవాళ్లవే.

అలాంటి హోమ్‌లో మిగిలిపోయిన ఒక్క ఆయా లెక్కన ఆలోచిద్దాం. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. మనిషికి ఐదు నిమిషాలనుకున్నా, ఇరవై మందిని తిప్పేసరికి నూట ఇరవై నిమిషాల్లో వంద అయిపోతాయి. మిగిలిన ఇరవై నిమిషాల్లోనే తిండి, మందులు, డైపర్లు. అంటే ఇవాళ ఎవరిని వదిలెయ్యాలో ఆమే తేల్చుకోవాలి. చెయ్యాల్సింది తెలిసీ చెయ్యలేకపోవడం మిగిల్చే బాధ వేరు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన జోనథన్ షే వాడుకలోకి తెచ్చిన నైతిక గాయమన్న మాట దీనికి దగ్గరగా ఉంటుంది. దాన్ని భయం ఖాతాలో రాయకూడదు.

అపోహ: నిర్లక్ష్యంగా వైరస్‌ని లోపలికి మోసుకెళ్లింది వాళ్లే.

మోసుకెళ్లారన్న మాటలో కొంత నిజముంది. నిర్లక్ష్యమన్నదే అన్యాయం. అమెరికాలో కింగ్ కౌంటీలోని ఒక కేంద్రంలో అందరికీ పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చిన 48 మంది వృద్ధుల్లో 27 మందికి ఆ రోజున ఏ లక్షణమూ లేదు. కనిపించని జబ్బుకి ఎవరు జాగ్రత్త పడగలరు? పైగా ఒక్కచోట జీతంతో ఇల్లు గడవక పొద్దున ఒక హోమ్‌లో, సాయంత్రం ఇంకో హోమ్‌లో పనిచేసేవాళ్లు ఎందరో. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2020 మార్చిలోనే ఒక మనిషి ఒకే హోమ్‌లో పనిచేయాలని ఆదేశించి, ఆదాయం పడిపోకుండా జీతాలూ సరిచేసింది. ఆదేశమొక్కటే ఇచ్చి ఊరుకుంటే ఆకలితో ఇంట్లో కూర్చోమన్నట్టే అయ్యేది. ఇంగ్లండ్‌లో జరిగిన వివాల్డి సర్వేలో సిక్ పే ఇచ్చే హోమ్‌లలో వృద్ధులకు ఇన్ఫెక్షన్లు తక్కువగా కనిపించాయి. నాకైతే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. జ్వరమొచ్చిన రోజు జీతం కోస్తే జ్వరాన్ని దాచుకుని పనికొస్తారు.

అపోహ: సేవాభావం ఉన్నవాళ్లు అలసిపోరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నవుట్‌ని జబ్బుల జాబితాలో చేర్చలేదు. చక్కదిద్దకుండా వదిలేసిన పని ఒత్తిడి దీర్ఘకాలం సాగితే వచ్చే స్థితి అంది. అంటే ముందు మందు వెయ్యాల్సింది డ్యూటీ చార్టుకి.

అపోహ: ఒకసారి కౌన్సెలింగ్ ఇప్పిస్తే కుదుటపడతారు.

ఘోరం జరిగిన వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించే ఒక్క విడత సిటింగ్ తర్వాతి మానసిక సమస్యల్ని ఆపదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. మనిషిని నిలబెట్టేవేమిటో ఫ్రాన్స్‌లో లియాన్ దగ్గరి కోర్బాస్ హోమ్‌లో కొంత కనిపించింది. అక్కడి సిబ్బందిలో కొందరు తమంతట తామే ముందుకొచ్చి, నేలమీద పరుపులేసుకుని, 106 మంది వృద్ధులతో 47 రోజులు లోపలే ఉండిపోయారు. ఎవరికీ వైరస్ సోకలేదు. బలవంతం లేదు, తోడు ఉంది, పడే కష్టానికి ఫలితం కళ్లముందే ఉంది. అయినా దీన్ని ఆదర్శంగా చూపడం నాకు ఇష్టం లేదు. ఇంటి దగ్గర చంటిపిల్ల ఉన్న తల్లిని అలా ఉండమని ఎవరడగగలరు?

అపోహ: ఇంట్లోనే ఉండి చూసుకునేవాళ్లకు ఆ బాధలు లేవు.

నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి ఇజ్రాయెల్ వెళ్లి కేర్‌గివర్లుగా పనిచేస్తున్నవాళ్లను అడగాలి. ముసలాయన ఇంట్లోనే మకాం, రాత్రి ఆయన పిలిస్తే లేవాలి. ఆ జీవితంలో ఊపిరి తీసుకునేది వారాంతపు సెలవు రోజునే. నలుగురు తెలుగువాళ్లు కలిసి వండుకుని, ఇంటికి వీడియో కాల్ చేసుకునే రోజు అది. లాక్‌డౌన్‌లో చాలామందికి అదీ పోయింది, బయటికెళ్తే వైరస్ తెస్తావని. ఆ పెద్దాయనకేమైనా అయితే ఉద్యోగమూ, తలదాచుకునే గదీ ఒకేసారి పోతాయి.

హైదరాబాద్‌లో ఏజెన్సీ ద్వారా ఇరవై నాలుగు గంటల మనిషిని పెట్టుకునే ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. అమ్మాయి నెమ్మదస్తురాలేనా, వంట వచ్చా అని అడుగుతాం. ఆమె సెలవు రోజున బదులు ఎవరొస్తారో మొదటి రోజే ఏజెన్సీని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నాన్నగారు రాత్రికి ఎన్నిసార్లు లేపుతున్నారో వారంపాటు రాసి చూడండి. నాలుగైదు సార్లయితే రాత్రికి ఇంకో మనిషిని పెట్టాలి, లేదా వంతులవారీగా మనమే లేవాలి.