పత్తిని నొక్కొద్దన్న ఉజ్రమ్మ



ఈసారి గోడపత్రికకు ‘నేను మెచ్చిన వ్యక్తి’ అనే అంశం ఇచ్చారు. మా తరగతిలో కొందరు సినిమా హీరోయిన్ల గురించి, కొందరు క్రికెట్ ఆటగాళ్ల గురించి రాస్తున్నారు. నేను ఫ్యాషన్ బట్టల రంగంలో పనిచేసిన ఒకామె గురించి రాస్తున్నాను. ఆమె ఫొటో క్యాలెండర్ మీద ఉండదు. ఆమె బట్టలు కుట్టలేదు, తొడుక్కొని స్టేజీ మీద నడవలేదు. కానీ పెద్ద నగరాల్లో బట్టలు డిజైన్ చేసేవాళ్లలో చాలామందికి ఆమె పేరు తెలుసు. ఆమె ఉజ్రమ్మ గారు.

పేరు చివర అమ్మ అని ఉంది కదా, మన వైపు ఏదో ఊరి ఆమె అనుకున్నాను. కాదు, ఆమెది హైదరాబాద్. మా సాంఘికశాస్త్రం టీచర్ పత్తి గురించి పాఠం చెప్పినప్పుడు ఈమె సంగతి చెప్పారు. అప్పటి నుంచి నాకు ఆమె మీద చాలా గౌరవం కలిగింది. ఎందుకో చెప్పాలంటే ముందు పత్తి సంగతి చెప్పాలి.

పత్తి ఎటు పోతది?

మనలో చాలామంది ఇండ్లల్లో పత్తి పండిస్తారు. సెలవులకు ఇంటికి పోతే మనం కూడా ఒడి కట్టుకొని ఏరడానికి పోతాం. ఎండిన కాయ మొనలు గోళ్ల పక్కన గీరుకుంటయి. ఏరిన పత్తిని ఇంట్లనే కుప్ప పోసి, దాని పక్కనే పండుకుంటాం. తర్వాత బండి మాట్లాడుకొని మార్కెట్‌కు తీసుకపోతారు.

ఒకసారి నేను బాపును అడిగిన. “బాపూ, మన పత్తి ఎటు పోతది?”

“మిల్లుకు పోతది బిడ్డా.”

“మిల్లు నుంచి?”

“ఏమో బిడ్డా, లారీల ఎక్కడికో పోతది.”

మా బాపు ఇరవై ఏండ్ల నుంచి పత్తి వేస్తున్నాడు. ఆయనకే తెలువదు. నాకూ తెలువలేదు. టీచర్ చెప్పినంక, పుస్తకంలో చదివినంక తెలిసింది ఇది.

మొదట జిన్నింగు మిల్లులో గింజను, దూదిని వేరు చేస్తారు. ఒక క్వింటాల్ పత్తిలో దూది సుమారు 33 నుంచి 35 కిలోలే ఉంటది. మిగిలింది ఎక్కువగా గింజ. గింజ నూనెకు, పశువుల చెక్కకు పోతది. తర్వాత ఆ దూదిని పెద్ద ప్రెస్సులో పెట్టి గట్టిగా నొక్కుతారు. పైన పట్టీలు బిగిస్తారు. దాన్ని బేలు అంటారు. మన దేశంలో ఒక బేలు 170 కిలోలు. అంటే ఒక్క బేలుకు సుమారు ఐదు క్వింటాళ్ల పత్తి కావాలి. పోయిన ఏడు మా ఇంట్ల వచ్చింది ఎనిమిది క్వింటాళ్లు. లెక్క కట్టి చూసిన. మా ఇంటిల్లిపాది ఏడాది కష్టం ఒకటిన్నర బేలు దాటింది గాని రెండు కాలేదు.

ఆ బేళ్లు లారీల్లో దూరంగా ఉన్న నూలు మిల్లులకు పోతాయి. అక్కడ ఏం చేస్తారో చూడండి. రాయిలాగా అయిన దూదిని మళ్లీ విప్పాలి. దానికి బ్లో రూం అని ఒక పెద్ద గది ఉంటది. అక్కడ ముండ్ల రోలర్లు దూదిని పీకి, కొట్టి, గాలితో విసిరి విడదీస్తాయి. ఆ తర్వాతనే ఏకి, సాగదీసి, పురి పెట్టి నూలు వడుకుతారు. ఆ నూలు మళ్లీ లారీ ఎక్కి నేతగాళ్ల దగ్గరికి వస్తది.

ఉజ్రమ్మ గారి ప్రశ్న

ఇక్కడనే ఉజ్రమ్మ గారు అందరూ వదిలేసిన ప్రశ్న అడిగారు. పత్తి పండే ఊర్లు ఇక్కడ, మగ్గాలు ఉన్న ఊర్లు ఇక్కడ. మధ్యల ఈ దూదిని ఎందుకు నొక్కుతున్నాం? నొక్కినదాన్ని మళ్లీ ఎందుకు విప్పుతున్నాం?

దీనికి జవాబు చరిత్రలో ఉంది. పూర్వం మన దేశంలో దూదిని నొక్కి బేళ్లు కట్టే పని లేదు. పండిన చోటనో పక్క ఊర్లనో దూదేకుల వాళ్లు వింటి నారితో ఏకేవాళ్లు. ఆడవాళ్లు రాట్నం మీద వడికేవాళ్లు. ఢాకా మస్లిన్ వంటి సన్నటి బట్ట గూడ చేతితో వడికిన నూలుతోనే తయారయ్యింది. 1769లో ఇంగ్లండులో ఆర్క్‌రైట్ అనే ఆయన నీటి బలంతో తిరిగే నూలు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత అక్కడ పెద్ద పెద్ద మిల్లులు వచ్చాయి. వాళ్ల దేశంలో పత్తి పండదు. అమెరికా నుంచి, మన దేశం నుంచి ఓడల్లో తెచ్చుకోవాలి. దూది తేలిక, జాగ ఎక్కువ పట్టుతది. అందుకని ఓడలో ఎక్కువ పట్టాలని నొక్కి బేళ్లు కట్టారు. మిల్లు యంత్రాలను కూడా ఆ బేళ్లకు సరిపోయేటట్టు తయారు చేశారు. తెల్లవాళ్లు పోయారు గాని ఆ పద్ధతి పోలేదు. ఆదిలాబాద్ పత్తి ఆదిలాబాద్ మగ్గానికి చేరాలన్నా ఓడ ఎక్కేటట్టు తయారు కావాల్సిందే!

ఇంకో సంగతి విత్తనం. ఆ యంత్రాలకు పొడుగు పోగు ఉన్న, అంతా ఒకే తీరు ఉన్న దూది కావాలి. మన దేశీ పత్తిలో ఎక్కువ రకాల పోగు పొట్టిది. నిజాం కాలంలో నాందేడ్, ఆదిలాబాద్ వైపు గౌరాని అనే మంచి దేశీ పత్తి పండేది. దేశీ పత్తి వాన మీదనే బతుకుతది, పచ్చదోమ వంటి రసం పీల్చే పురుగులకు బాగా తట్టుకుంటది. కానీ మిల్లులు అడిగేది వేరే కాబట్టి అమెరికా జాతి పత్తి, హైబ్రిడ్లు వచ్చాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. ఇప్పుడు ప్రతి ఏడు విత్తనం ప్యాకెట్ కొనాలి. బీటీ వచ్చినా గులాబీ రంగు పురుగు మళ్లీ వచ్చింది. మందుకు అప్పు, ఎరువుకు అప్పు. మా ఊర్లో జూన్‌లో అప్పు చేయని ఇల్లు తక్కువ. ఉజ్రమ్మ గారు చెప్పేది ఏమిటంటే, యంత్రానికి తగిన పత్తిని వెతికే బదులు మన పత్తికి తగిన యంత్రాన్ని చేసుకోవాలి. ఈ మాట నాకు బాగా నచ్చింది.

మల్ఖా ఎట్ల పుట్టింది?

ఉజ్రమ్మ గారు 1990 ప్రాంతం నుంచి చేనేత రంగంలో పనిచేశారు. దస్త్‌కార్ ఆంధ్ర అనే సంస్థను స్థాపించారు. ఆ సంస్థ నేతగాళ్లతో కలిసి పనిచేసిన చోట్లలో మన చెన్నూరు ఒకటి. చెన్నూరు అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. ఆ చుట్టుపక్కల అడవుల్లో మద్ది చెట్ల మీద మనవాళ్లు దసలి పట్టు పురుగులను పెంచుతారు. ఆ ఊరి నేతగాళ్లు చెట్ల రంగులు అద్దిన నూలుతో బట్ట నేశారు.

నేతగాళ్లతో పనిచేస్తుంటే ఆమెకు అసలు కష్టం నూలు దగ్గర కనపడ్డది. నూలు ధర పెరిగితే మగ్గం ఆగుతది. పత్తి ధర తగ్గితే రైతు మునుగుతడు. ఇద్దరి మధ్యల మిల్లు ఉంది. అందుకని నూలు వడికే పనినే ఊర్లకు తేవాలని ఆలోచించారు. చెన్నైలో కన్నన్ అనే ఇంజనీరు బేలు అవసరం లేని చిన్న యంత్రాలు తయారు చేశారు. జిన్నింగు అయిన దూదిని నొక్కకుండా, వదులుగా ఉన్నది ఉన్నట్టే తెచ్చి ఏకి నూలు తీస్తారు. ఆ నూలును చేనేత మగ్గం మీద నేస్తారు. ఆ బట్టకు మల్ఖా అని పేరు పెట్టారు. మల్‌మల్‌లోని ‘మల్’, ఖాదీలోని ‘ఖా’ కలిపితే మల్ఖా. పోగు దెబ్బ తినలేదు కాబట్టి ఆ బట్ట మెత్తగా ఉంటదని, చెమట పీల్చుకుంటదని, రంగు బాగా పడుతదని అంటారు.

ఇది ఖద్దరు రాట్నం కాదు, పెద్ద మిల్లూ కాదు. మధ్యల ఉన్న పద్ధతి. పెద్ద మిల్లు అయితే ఏమైతదో మనకు దగ్గర్లనే ఉదాహరణ ఉంది. వరంగల్‌లో 1934లో ఆజంజాహి మిల్లు పెట్టారు. ఒకప్పుడు వేలమంది పనిచేసిన మిల్లు అది. 2002లో మూతపడింది. చిన్న కేంద్రాలు పది ఊర్లలో ఉంటే ఒకటి ఆగినా మిగిలినవి నడుస్తాయి కదా అని నాకు అనిపించింది.

రంగుల గురించి కూడా చెప్పాలి. నీలిమందు ఆకుతో నీలం రంగు వస్తది. మంజిష్ట వేరుతో ఎరుపు వస్తది. దానిమ్మ తొక్కతో పసుపు వస్తది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి నీళ్లలో పులియబెడితే నలుపు వస్తది. చాలా రంగులకు ముందు బట్టను కరక్కాయ నీళ్లలో నానబెడతారు, అప్పుడే రంగు గట్టిగా పడుతది. ఈ కరక్కాయ మా అవ్వ అడవిలో ఏరి, ఎండబెట్టి అమ్ముతది. దగ్గుకు వాడుతారని మాత్రమే ఆమెకు తెలుసు. ఖరీదైన బట్టకు రంగు పట్టేది కూడా దానితోనే అని చెప్తే “అవునా!” అని చాలాసేపు నవ్వింది.

2017లో ఉజ్రమ్మ గారు, మీనా మీనన్ గారు కలిసి మన దేశపు పత్తి చరిత్ర మీద ఇంగ్లిషులో ఒక పుస్తకం కూడా రాశారు. దాని పేరు ‘ఎ ఫ్రేడ్ హిస్టరీ’. నేను పెద్దగయినంక చదువుతా.

నాకున్న ఒక సందేహం

మెచ్చుకున్నంత మాత్రాన సందేహం దాచిపెట్టొద్దు. మల్ఖా బట్ట మిల్లు బట్ట కంటే ధర ఎక్కువ. నగరంలో ఉన్నోళ్లు కొంటారు. పత్తి ఏరే మా అవ్వ సంతలో పాలిస్టర్ చీర కొంటది, ఎందుకంటే అది అగ్గువ, తొందరగా ఆరుతది. మరి మన పత్తి మన ఒంటి మీదికి ఎప్పుడు వస్తది? టీచర్‌ను అడిగితే, “తక్కువ తయారైతే ధర ఎక్కువే ఉంటది, పైగా చేతి పనికి కూలి సరిగ్గా ఇవ్వాలి కదా” అన్నారు. అది నిజమే. చేసేవాళ్ల కడుపు కొట్టి అగ్గువకు అమ్మడం కూడా న్యాయం కాదు. కానీ నా ప్రశ్న నాకు ఇంకా అట్లనే ఉంది. ఉజ్రమ్మ గారిని కలిస్తే ఇదే అడుగుతా. ప్రశ్న అడిగితే ఆమె కోపం చేయరని నా నమ్మకం, ఎందుకంటే ఆమె పని మొదలైంది కూడా ప్రశ్నతోనే.

మీరు కూడా చేసి చూడండి

ఇంటికి పోయినప్పుడు రెండు పిడికిళ్ల పత్తి తెచ్చుకోండి. గింజలు తీయండి. ఒక పిడికెడు దూదిని వదులుగా డబ్బాలో పెట్టండి. ఇంకో పిడికెడును తడి చేయకుండా మీ ట్రంకు పెట్టె కింద వారం రోజులు పెట్టండి. తర్వాత రెండింటితోని వత్తి చేసినట్టు వేళ్లతో పోగు తీయండి. నేను చేసిన. వదులుగా ఉన్నది జానెడు పోగు తెగకుండా వచ్చింది. పెట్టె కిందిది ఉండలు ఉండలుగా వచ్చి నాలుగుసార్లు తెగింది. మీకు ఎట్ల వచ్చిందో ఒక చీటీ మీద రాసి ఈ వ్యాసం కింద అంటించండి. ఇంకో మాట, మీ బాపును కూడా అడగండి, మన పత్తి ఎటు పోతదని. తెలువదంటే మీరు చెప్పండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని