“ఏ చెరువు బాబూ?”

గాలం వేసేవాని దుఃఖానికి సాక్ష్యం ఉండదు. గొడుగు చిరిగితే చిరిగిన గొడుగు మిగులుతుంది. చెప్పు తెగితే ఆ తెగిన చెప్పునే అంగడివాని ముందు పడవేసి నిలదీయవచ్చు. గాలపు దారం తెగినప్పుడు మాత్రం చేతిలో మిగిలేది నాలుగు బారల నైలాను పోగు. చేప నీటిలో ఉంటుంది. అది ఎంత పెద్దదో చెప్పబోతే వినేవారు నవ్వుతారు.

పదిహేనేళ్ళ క్రిందట ఒక మహానగరంలోని పెద్ద దుకాణంలో ఖరీదైన దారం కొన్నాను. ఆ ఆదివారమే ఒక బొచ్చెచేపను గట్టుదాకా లాక్కొచ్చి పోగొట్టుకున్నాను. మరునాడు వెళ్ళి చెప్పుకుంటే, “మీకు చేతకాలేదేమో!” అన్న అర్థం వచ్చే చూపొకటి దక్కింది. వాదించడానికి నా దగ్గర ఏముంది? ఆ తరువాత గాలం ముట్టలేదు.

ఈ సంగతి ఖరగ్‌పూర్‌లో మా మేనమామతో అన్నాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. “నువ్వు కొన్నచోటు మంచిది కాదు. సాయంత్రం నాతో రా” అన్నాడు.

ఖరగ్‌పూర్ అంటే మనవాళ్ళకు చాలాకాలం రైలు ప్లాట్‌ఫారమే గుర్తు. 1,072 మీటర్లకు పైబడిన ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్ ఆ ఘనతను తీసుకుపోయింది. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ కర్మాగారం నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల జనం పనికోసం వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. వారి మనుమలు ఇంట్లో ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతారు, బజారులో బెంగాలీలో బేరమాడతారు. ఊరి పొలిమేరల్లో ఈ శతాబ్దంలో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వెలిసింది. 1820లో ఈ మేదినీపూర్ సీమలోని వీరసింహ గ్రామంలో పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేరే దానికి పెట్టారు. ఇప్పుడు సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ షిఫ్టు వేళకు అటే పోతాయి.

ఆ దారిలోనే ఉంది మేము వెళ్ళిన దుకాణం. దుకాణమనడం కూడా గౌరవానికే. ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డుమీద ఉండవలసిందే. వెదురు కర్రలు ఒక మూల, రీళ్ళు అద్దాల బీరువాలో, బెండ్లు గాజు సీసాలలో. ఆవాల చెక్క, వేయించిన మెంతులు కలిసిన వాసన గుమ్మంలోనే ఎదురవుతుంది. చేపలను ఒకచోటికి రప్పించడానికి నీటిలో చల్లే మేతకు బెంగాలీలు ‘చార్’ అని పేరు పెట్టారు. ఒక్కొక్కరి చార్ ఒక్కొక్కరి రహస్యం. శీలవతి చేపకు ఎరగా ఎర్రచీమల గుడ్లు కూడా ఇక్కడ దొరుకుతాయి. యజమానికి అరవయ్యేళ్ళుంటాయి. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చినవారి మనుమడు.

అప్పటికే అక్కడ ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. పార్కులోని ఒక కర్మాగారంలో పనివాడు. ఫోనులో ఒక రీలు బొమ్మ చూపి, అటువంటిది కావాలన్నాడు.

“ఏ చెరువు బాబూ?” అని అడిగాడు యజమాని.

యువకుడు చెప్పాడు. ఇక ప్రశ్నలు వరుసగా వచ్చాయి. అక్కడ లోతెంత? అడుగున బురదా, నాచా? పొద్దుట కూర్చుంటావా, మధ్యాహ్నమా? ఇప్పుడున్న రీలుకు ఏమయింది? చివరి ప్రశ్నకు జవాబుగా సంచిలోనుండి పాత రీలు బయటికి వచ్చింది. యజమాని దానిని విప్పి, ఇసుక దులిపి, పళ్ళచక్రానికి కాస్త గ్రీజు పూసి తిప్పాడు. గొణుగుతూ ఉన్న రీలు మెత్తగా తిరగసాగింది. “దీనికి ఏటి జబ్బు లేదు. నీ చెరువుకి ఇది చాలు. దారం మార్చుకో” అన్నాడు. కొత్త దారం చుట్టేటప్పుడు కుర్రవానిచేత దారపు ఉండను పట్టించి, తడిగుడ్డ మధ్యగా బిగువుగా లాగుతూ చుట్టాడు. వదులుగా చుట్టిన దారం మొదటి పెద్దచేప లాగగానే లోపలి వరుసల్లోకి దిగబడి చిక్కుపడుతుందట. గాలపు మొనను బొటనవ్రేలి గోటిమీద ఆనించి చూశాడు. జారితే మొద్దుబారినట్లు, గోటిని పట్టుకుంటే పదునున్నట్లు. ముడివేసి, బిగించేముందు నోటితో తడిపాడు. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాను బలం తగ్గుతుంది. దారానికి, గాలాలకు మాత్రమే డబ్బు తీసుకున్నాడు.

ఖరీదైన రీలు అమ్ముడుపోయే వేళ పాతదానిని బాగుచేసి పంపడం వ్యాపారమా అని నేను మా మేనమామను చెవిలో అడిగాను. “వాడి చీటీ ఖరీదెంతో తెలుసా?” అన్నాడాయన.

ఇది తెలియనివారికి చెప్పాలి. బెంగాలులో చాలా చెరువుల యజమానులు గాలపు వేటకు రోజుకింతని చీటీలు అమ్ముతారు. మంచి చెరువైతే చీటీ కూలివాని దినవేతనాన్ని మింగివేస్తుంది. కొల్లేటి ప్రాంతపు చెరువులలో పెరిగిన బొచ్చె, శీలవతి మంచుపెట్టెలలో ఈ రాష్ట్రపు బజారులకు వస్తూనే ఉన్నాయి. కొని తినేవారికి కొదువ లేదు. అయినా వారానికొక్క సెలవు దొరికే మనిషి ఆ డబ్బు కట్టి పొద్దంతా బెండువైపు చూస్తూ కూర్చుంటాడు. చౌకరకపు ముడి ఒకటి జారినా, చీకిన దారం తెగినా పోయేది చేప ఒక్కటే కాదు. ఒక రోజు కూలి, దానితోపాటు వారమంతా ఎదురుచూసిన సెలవు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఫ్రీపోర్టులో లియోన్ లియోన్‌వుడ్ బీన్ అనే చిన్న వర్తకుడు 1912లో వేటగాళ్ళకోసం అడుగున రబ్బరు, పైన తోలు గల బూట్లు చేసి టపాలో అమ్మాడు. తొలి 100 జతలలో 90 కుట్లు విడిపోయి వాపసు వచ్చాయని ఆ సంస్థ చరిత్ర చెబుతుంది. బీన్ అందరికీ డబ్బు తిరిగి ఇచ్చి, అప్పుచేసి, లోపం సవరించి మళ్ళీ పంపాడు. చేపలవేటకు, అడవివేటకు వేళకానివేళ పోయేవారి కోసం 1951 నుండి ఆ దుకాణం రాత్రింబవళ్ళు తెరిచే ఉంచారు. ఎంత పాతదైనా వాపసు తీసుకునే నియమాన్ని మాత్రం 2018లో ఒక ఏడాదికి కుదించవలసి వచ్చింది. ఎక్కడెక్కడో సంపాదించిన పాత సరుకు తెచ్చి డబ్బు అడిగేవారు ఎక్కువయ్యారట. కొనేవారందరూ ధర్మరాజులు కారు గదా!

అయితే బీన్ వద్దకు బూట్లు తిరిగి వచ్చాయి. ఖరగ్‌పూర్ అంగడివానికి అటువంటి సౌలభ్యం లేదు. మన దేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది, 2019లో దానిని తిరగరాశారు. కాని నాలుగు గాలాలకు బిల్లు అడిగేవారెవరు?

మా మేనమామ చెప్పిన సంగతి ఇది. రెండేళ్ళ క్రిందట ఒక సోమవారం ఒక బెంగాలీ గృహస్థు దుకాణానికి వచ్చి, దారం తెగి చేప పోయిందని చెప్పాడు. కోపంగా కూడా చెప్పలేదట. యజమాని తెగిన కొసను అడిగి తీసుకుని వెలుతురులో చూశాడు. ముడి జారితే కొస పందితోకలా మెలితిరిగి ఉంటుంది. ఇది మెలిక లేకుండా పుటుక్కున తెగింది. వెంటనే అదే ఉండనుండి బారెడు దారం లాగి, చేతులకు గుడ్డ చుట్టుకొని గుంజాడు. తెగిపోయింది. మళ్ళీ గుంజాడు. మళ్ళీ తెగింది. ఆ ఉండ వేసవి అంతా గుమ్మం పక్కన, పడమటి ఎండలో వ్రేలాడింది. ఎండకు నైలాను చీకిపోతుందని ఆయనకు తెలియనిది కాదు. కనబడితే అమ్ముడుపోతుందని పెట్టాడు.

గృహస్థుకు కొత్త దారం ఇచ్చి, చీటీ డబ్బు కూడా చేతిలో పెట్టాడు. అంతటితో పని ముగిసిందనుకోవచ్చు. కాని అదే ఉండనుండి కొన్నవారు మరో ఇద్దరున్నారు. వారికి ఏ ఫిర్యాదూ లేదు, దారం చీకిందని వారికి తెలియదు. తెగిన రోజున తమ అదృష్టాన్నే తిట్టుకొని ఊరుకునేవారు. ఆ సాయంత్రం దుకాణం త్వరగా మూసి, సైకిలెక్కి ఒకరి ఇంటికి పోయి చెప్పి వచ్చాడు. రెండవవాడు పార్కులో రాత్రి షిఫ్టు. అతని ఇల్లు తెలియదు. షిఫ్టు మారే వేళకు గేటు దగ్గర గంటన్నర నిలబడి పట్టుకున్నాడు. మిగిలిన ఉండను కత్తెరతో బెత్తెడు ముక్కలుగా కోసి పారవేశాడు. పొడవుగా వదిలితే కొంగల కాళ్ళకు చుట్టుకుంటుందని.

ఈ కథ నేను ఆయన ఎదుటనే తిరిగి చెప్పబోగా, “పొగిడేదేటుంది బాబూ, తప్పు నాదే కదా” అని, సీసాలోని బెండ్లు సర్దసాగాడు. ఇప్పుడు దారపు ఉండలన్నీ మూత ఉన్న రేకుపెట్టెలో ఉన్నాయి.

యువకుడు వెళ్ళిపోయాక నేను ముందుకు జరిగి, బీరువాలోని ఒక మంచి రీలు చూపించమన్నాను. పదిహేనేళ్ళ అలకను ఆ పూటకు వదిలివేద్దామని అనిపించింది. ఆయన తాళంచెవి చేతికి తీసుకొని, బీరువా తెరవకుండానే అడిగాడు: “ఏ చెరువు బాబూ?”

నా దగ్గర సమాధానం లేదు. హైదరాబాదులో నేనుండే వీధికి చెరువు పేరుంది గాని చెరువు లేదు.

“అయితే ముందు చెరువు చూసుకొని రండి. రీలు ఎక్కడికీ పోదు” అన్నాడు.

ఇంటికి నడుస్తూ మా మేనమామను అడిగాను, ఆ కుర్రవాడు చెప్పిన చెరువు ఎంతదూరమని, చీటీలు ఆదివారంనాడు ఎన్నింటికి ఇస్తారని.