నిరోధక మెమరీ

నిరోధక మెమరీ అనగా ఒక పదార్థపు విద్యుత్ నిరోధాన్ని మార్చి, ఆ మార్పు రూపంలోనే సమాచారాన్ని నిలువ ఉంచే కంప్యూటర్ జ్ఞాపకం. దీనిని రెసిస్టివ్ ర్యామ్ అనీ, క్లుప్తంగా రీర్యామ్ అనీ అంటారు. ఇందులోని మూల పరికరాన్ని మెమ్రిస్టర్ అని కూడా వ్యవహరిస్తారు. విద్యుత్ సరఫరా ఆగిపోయినా ఇందులోని సమాచారం చెరిగిపోదు. మెదడును అనుకరించే చిప్పులకు కూడా ఈ పదార్థాలు పనికివస్తాయని తేలడంతో వీటి ప్రాముఖ్యం పెరిగింది. దీనికి దగ్గరి బంధువైన ఒక మెమరీని మార్కెట్టులోకి తెచ్చి, తరువాత విరమించుకున్న ఇంటెల్, మైక్రాన్ సంస్థలు రెండూ హైదరాబాదులోని హైటెక్ సిటీ, రాయదుర్గం ప్రాంతంలో కేంద్రాలు నెలకొల్పాయి.

పనిచేసే తీరు

మామూలు కంప్యూటర్లలోని డీర్యామ్‌లో ఒక్కొక్క బిట్టు ఒక చిన్న కెపాసిటరులోని విద్యుదావేశంగా ఉంటుంది. చిల్లికుండలో నీరు వలె ఆ ఆవేశం కారిపోతుంది కనుక సెకనుకు అనేక పర్యాయాలు దానిని తిరిగి నింపవలసి ఉంటుంది. నిరోధక మెమరీలో ఈ బాధ లేదు. ఇందులో రెండు ఎలక్ట్రోడుల నడుమ హాఫ్నియం, టాంటలం లేదా టైటానియం ఆక్సైడుతో చేసిన, కొన్ని నానోమీటర్ల మందం గల పొర ఉంటుంది. ఆక్సైడు సహజంగా విద్యుత్తును సరిగా పోనివ్వదు. మొదటిసారి కాస్త ఎక్కువ వోల్టేజి ప్రయోగించినపుడు కొన్ని ఆక్సిజన్ పరమాణువులు తమ స్థానాలు వదలిపోతాయి. అలా ఏర్పడిన ఖాళీలు వరుసగా చేరి, ఈ కొస నుండి ఆ కొసకు సన్నని దారం వంటి మార్గాన్ని ఏర్పరుస్తాయి. అపుడు నిరోధం తగ్గుతుంది. దీనిని 1 అనుకోవచ్చు. వోల్టేజిని తిరగవేస్తే ఆక్సిజన్ అయానులు వెనక్కు వచ్చి దారం ఒకచోట తెగుతుంది, నిరోధం పెరుగుతుంది, ఇది 0. చదవడానికి దారాన్ని కదపనంత చిన్న వోల్టేజి చాలు.

ఆక్సైడుకు బదులు వెండి లేదా రాగి అయానులతో దారం అల్లే పరికరాలు కూడా ఉన్నాయి. జెర్మేనియం, ఆంటిమొని, టెల్లూరియంల మిశ్రమాన్ని వేడిచేసి స్ఫటిక స్థితికీ, అస్ఫటిక స్థితికీ మధ్య మార్చే ప్రావస్థా మార్పు మెమరీ వీటికి సోదరి వంటిది.

ప్రధానమైన చిక్కు కూడా ఆ దారమే. అది ప్రతిసారి ఒకే చోట, ఒకే మందంతో ఏర్పడదు. పక్కపక్కనున్న రెండు కణాలు ఒకే తీరుగా ప్రవర్తించవు. ఒకే కణం కూడా నిన్నటి వలె నేడు ఉండదు. ఈ రంగంలో జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ అస్థిరతను అదుపులో పెట్టడానికే సరిపోయింది.

చరిత్ర

పలుచని ఆక్సైడు పొరలలో ఇటువంటి విచిత్ర ప్రవర్తనను 1962లోనే హిక్‌మాట్ ప్రకటించాడు. 1971లో లియాన్ చువా నిరోధకం, కెపాసిటర్, ప్రేరకం కాక నాలుగవ మూల పరికరం ఒకటి ఉండి తీరాలని గణితం ద్వారా వాదించి, దానికి మెమ్రిస్టర్ అని పేరు పెట్టాడు. 2008లో హెచ్‌పీ ప్రయోగశాలలో స్టాన్లీ విలియమ్స్ బృందం టైటానియం డయాక్సైడు పరికరాన్ని చూపి, ఇదే ఆ మెమ్రిస్టర్ అని ప్రకటించింది. అది నిజంగా చువా చెప్పిన పరికరమేనా అన్న వివాదం పూర్తిగా సమసిపోలేదు. అయితే పేరు మాత్రం స్థిరపడిపోయింది. 2013లో పానసోనిక్ సంస్థ రీర్యామ్ గల మైక్రోకంట్రోలర్లను ఉత్పత్తి చేయసాగింది.

మెదడు వంటి గణన

ఇప్పటి కంప్యూటర్లలో మెమరీ ఒకచోట, గణన చేసే ప్రాసెసర్ మరొకచోట ఉంటాయి. నాగోలులో నివాసం, రాయదుర్గంలో ఉద్యోగం ఉన్నవాని శక్తి ప్రయాణానికే ఖర్చయినట్లు, కృత్రిమ మేధ పనులలో విద్యుత్తులో అధిక భాగం దత్తాంశాన్ని అటూ ఇటూ మోయడానికే పోతుంది. మానవ మెదడు సుమారు 20 వాట్లతో నడుస్తుంది. అందులో జ్ఞాపకానికీ, గణనకూ వేరు వేరు గదులు లేవు.

నిరోధక కణాలను అడ్డు, నిలువు తీగల కూడళ్ళలో అమర్చితే అటువంటి వీలు కలుగుతుంది. ఒక్కొక్క కణపు వాహకత్వం ఒక సంఖ్య. తీగకు ఇచ్చిన వోల్టేజి మరొక సంఖ్య. ఓమ్ నియమం ప్రకారం కణం గుండా పోయే ప్రవాహం ఆ రెండింటి లబ్ధం. కిర్కాఫ్ నియమం ప్రకారం నిలువు తీగలో ఆ ప్రవాహాలన్నీ కూడుతాయి. న్యూరల్ నెట్‌వర్కులకు కావలసిన గుణకారాలు, సంకలనాలు ఉన్నచోటనే జరిగిపోతాయి. కాని ఫలితాన్ని తిరిగి అంకెలుగా మార్చే వలయాలు ఆదా అయిన శక్తిలో చాలా భాగాన్ని తినివేస్తాయి. ప్రచారంలో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.

2024లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ బృందం రుథేనియం గల అణుపొరలో సుమారు 16,500 వాహకత్వ స్థాయిలను సాధించినట్లు నేచర్ పత్రికలో ప్రకటించింది. విలియమ్స్ కూడా ఆ వ్యాస రచయితలలో ఒకడు.

హైదరాబాదుతో సంబంధం

2015లో ఇంటెల్, మైక్రాన్ సంస్థలు 3డి ఎక్స్‌పాయింట్ అనే మెమరీని సంయుక్తంగా ప్రకటించాయి. ఫ్లాష్ కన్నా 1000 రెట్లు వేగమన్నది అప్పటి ప్రచారం. పదార్థం ఏమిటో సంస్థలు చెప్పలేదు. చిప్పును విప్పి చూసినవారు ప్రావస్థా మార్పు పదార్థమని తేల్చారు. 2019లో మైక్రాన్, అదే ఏడాది ఇంటెల్ హైదరాబాదులో తమ కేంద్రాలను తెరిచాయి. ఆ సంవత్సరమే ఈ మెమరీ విషయంలో రెండింటి భాగస్వామ్యం ముగిసింది. మైక్రాన్ 2021లో 3డి ఎక్స్‌పాయింట్ నుండి తప్పుకొని, దానిని తయారుచేసే అమెరికాలోని లీహై కర్మాగారాన్ని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు అమ్మివేసింది. ఇంటెల్ 2022లో ఆప్టేన్ పేరుతో అమ్ముతున్న ఉత్పత్తులను నిలిపివేసే నిర్ణయం ప్రకటించింది. పదార్థం పనిచేయకపోవడం ఇందుకు కారణం కాదు. ధరలో డీర్యామ్, ఫ్లాష్‌ల నడుమ తగినంత మార్కెట్టు దొరకలేదు.

సైబరాబాదులో జరిగే చిప్పుల పని ప్రధానంగా రూపకల్పన, పరీక్ష, సాఫ్ట్‌వేరు. ఆక్సైడు పొరను పేర్చే కర్మాగారం ఇక్కడ లేదు. 2023లో మైక్రాన్ ప్రకటించిన గుజరాత్‌లోని సాణంద్ కర్మాగారం కూడా వేరొకచోట తయారైన డీర్యామ్, ఫ్లాష్ చిప్పుల కూర్పుకూ, పరీక్షకూ ఉద్దేశించినదే.